కరెంటు చార్జీల మీద ప్రతిపక్షం కొట్లాడాల్సింది రోడ్డు మీదా, పార్లమెంటులోనా?

గుంటూరు మిర్చి:
బిల్లు చేతిలో పెట్టుకుని రాస్తున్నా, కాబట్టి కాస్త ఘాటుగానే ఉంటుంది. మేం ఈ పోర్షన్‌లోకి వచ్చింది 2024 జూన్‌లో. బిల్లులో మాత్రం 2022లో కాలిన యూనిట్లకు ఇంధన సర్దుబాటు (బొగ్గు, కొన్న కరెంటు ఖరీదు పెరిగితే తర్వాత వేసే అదనపు చార్జీ) అని ఒక వరస. అప్పుడు ఈ ఇంట్లో వేరేవాళ్ళు ఉండేవాళ్ళు, రెండు ఏసీలట. వాళ్ళు చల్లగా పడుకుని వెళ్ళిపోయారు, ఆ బాకీ ఇప్పుడు నేను తీరుస్తున్నా. ఓనరు గారిని అడిగితే "మీటరు మీద పడింది ఎవరుంటే వాళ్ళే కట్టుకోవాలమ్మా" అన్నారు.

ఇది నా ఒక్కదాని గోల కాదులెండి. 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు జనం దగ్గర వసూలు చేసుకోవడానికి ఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) 2024 చివర్లో ఒప్పుకుంది. దాని మీద వైసీపీ 2024 డిసెంబర్ 27న రాష్ట్రమంతా ధర్నాలు చేసింది. అంతకుముందు టీడీపీ ప్రతిపక్షంలో ఉండగా 'బాదుడే బాదుడు' అంటూ ఊరూరా తిరిగింది. ఖర్చు చేసింది మీరని టీడీపీ, చార్జీ వేసింది మీరని వైసీపీ. నేను అడిగేది ఒక్కటే, ఈ పౌరుషం ఢిల్లీ రైలెక్కగానే ఎక్కడికి పోతుంది? అసలు మీట ఉన్నది అక్కడ కదా.

పల్నాటి పాతకాపు:
పార్లమెంటుకీ మీ పోర్షన్ బిల్లుకీ ఏంటమ్మా సంబంధం? డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) రాష్ట్రానివి, రేట్లు వేసేది ఈఆర్‌సీ. ఎన్నికల ముందు పైసా పెంచం అని అందరూ అంటారు, తర్వాత ట్రూ అప్ (అనుకున్నదానికంటే ఎక్కువైన ఖర్చు వసూలు) పేరుతో లాగుతారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు పోయింది కరెంటు చార్జీల మీదే కదా. ఆ వేడి పుట్టింది రోడ్డు మీదే. 2004లో వైఎస్ సీఎం కాగానే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారంటే దాని వెనక ఆ వేడి కూడా ఉంది. సభలో కాగితాలు చదివితే ఎవరికి భయం?

గుంటూరు మిర్చి:
సంబంధం ఉందండీ. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోది, సగం పగ్గం కేంద్రం చేతిలోనే ఉంది. 2022 ఆగస్టు 8న అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ లోక్‌సభలో విద్యుత్ సవరణ బిల్లు పెడితే కాంగ్రెస్, డీఎంకే, తృణమూల్, లెఫ్ట్ గట్టిగా అడ్డం తిరిగాయి, బయట విద్యుత్ ఉద్యోగులు పని మానేశారు. చివరికి బిల్లు స్టాండింగ్ కమిటీకి వెళ్ళింది, 2024లో ఆ లోక్‌సభతో పాటే చెల్లిపోయింది. ప్రతిపక్షం గెలిచినట్టే.

కానీ ఆ బిల్లు పెట్టి అయిదు నెలలు తిరక్కుండా, 2022 డిసెంబర్ 29న కేంద్రం గెజిట్‌లో నిబంధనలు సవరించింది. బొగ్గు ఖరీదు, కొన్న కరెంటు ఖరీదు పెరిగితే నెలనెలా ఆటోమేటిక్‌గా వినియోగదారుడి మీదకి తోసెయ్యొచ్చు. బిల్లు కాదు కాబట్టి అరుపులూ లేవు, వాకౌట్లూ లేవు. 2003 విద్యుత్ చట్టంలో 179వ సెక్షన్ చూడండి, కేంద్రం చేసే ప్రతి నిబంధననూ ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలి, రెండు సభలూ మార్చమంటే మార్చాలి, వద్దంటే అది రద్దు. మన ఎంపీల్లో ఎవరైనా దాని మీద నోటీసు ఇచ్చి ఉంటే ఇక్కడ చూపించండి, చెంపలేసుకుంటా.

చెరువుగట్టు (భీమవరం):
అందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు, కరెంటు అసలు లేని రాత్రి గురించి నేను చెప్తా. 2022 ఏప్రిల్. పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టిన రోజులు, మాకూ కోతలే. తెల్లవారుజామున మూడింటికి మా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్ళకు గాలి అందించే యంత్రాలు) ఆగాయి. జనరేటర్ అందుకునేలోపు రొయ్య మీసాలు పైకి పెట్టి గట్టు వెంట తేలడం మొదలుపెట్టింది. టార్చ్ వేస్తే నీళ్ళ మీద కళ్ళన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. యూనిట్ రూపాయిన్నర కరెంటు వాడుకునేవాణ్ణి, ఆ నెలంతా డీజిల్ పోసుకున్నా. రెండు చెరువులు తొందరపడి పట్టేశా, కౌంటు (రొయ్య సైజు) రాలేదు.

అప్పుడు దేశమంతా బొగ్గు కొరత, ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు మండిపోతోంది. కరెంటు కొని అమ్మే ఎక్స్‌ఛేంజీలో యూనిట్ 20 రూపాయల దాకా పోతుంటే 12 రూపాయలకు గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. కేంద్రం 10 శాతం విదేశీ బొగ్గు కలపమంది. ఖరీదే, కానీ కలపకపోతే? ఇంధన భద్రత అంటే సభలో వాడే పెద్ద మాటేం కాదు మేడం, మాకు అది ఏరియేటర్ తిరగడం. ప్రతిపక్షం ఆ రోజు అడగాల్సింది రేటు కాదు, వేసవి ముందే ప్లాంట్ల దగ్గర బొగ్గు నిల్వ ఎందుకు పెట్టుకోలేదని.

రిటైర్డ్ లైన్‌మన్:
మిర్చి గారూ, ఒక చిన్న సవరణ. మీ ఇంటి 2022 బాకీ ఆ కొత్త నిబంధన కింద వచ్చింది కాదు, అప్పటి పాత పద్ధతిలో మూడు నెలలకోసారి వేసిన లెక్క. 2023 ఏప్రిల్ నుంచే యూనిట్‌కు 40 పైసల దాకా డిస్కం తనంతట తాను వేసుకోవడం మొదలైంది. ఆ 40 దాటిన మిగులే 9,412 కోట్లు. ఇంకోటి, 2024-25కి ఖర్చు తగ్గిందని 923 కోట్లు వెనక్కివ్వమన్నారు, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసలు. ట్రూ డౌన్ అంటారు. మా సర్వీసులో ఆ మాట వింటానని అనుకోలేదు.

గుంటూరు మిర్చి:
ఒప్పుకుంటున్నా, నా బాకీ పాత లెక్కదే. దాన్ని ఈ నిబంధనకు ముడిపెట్టడం నా తప్పు. అయినా నా మాట మారదు, ఎందుకంటే పాత పద్ధతిలో కనీసం రెండేళ్ళ తర్వాతైనా పేపర్లో పెద్ద అంకె వచ్చింది, ధర్నా జరిగింది. నెలనెలా యూనిట్‌కు 40 పైసలంటే ఎవరు ధర్నా చేస్తారు? ఎవరికీ నొప్పి తెలియకుండానే అయిపోతుంది. భీమవరం అన్నయ్యా, బొగ్గు కలపొద్దని నేననలేదు. ఆ ఖరీదు ఎవరు ఎంత మొయ్యాలో సభలో తేల్చమంటున్నా. కలపమన్న కేంద్రం అందులో రూపాయి కూడా పెట్టుకోకూడదా? 2025 అక్టోబర్‌లో మళ్ళీ కొత్త సవరణ బిల్లు ముసాయిదా బయటపెట్టారు, ఖర్చుకు తగ్గ రేటే ఉండాలంటున్నారు అందులో. అది సభకు వచ్చినప్పుడు ఈసారి మన 25 మంది ఏం మాట్లాడతారో చూద్దాం.

పల్నాటి పాతకాపు:
ఏం మాట్లాడరు. రాసి పెట్టుకో.

చెరువుగట్టు (భీమవరం):
మేడం, ముందు మీ ఓనరు దగ్గర ఆ రెండు ఏసీలవాళ్ళ ఫోన్ నంబర్ తీసుకోండి.