ఫ్లూ న్యుమోనియా: అమ్మ రిపోర్టులో లింఫోసైట్లు 14 నుంచి 7కి పడిపోయాయి, ఎందుకు?

కృష్ణాతీరం:
అమ్మకి 63 ఏళ్లు, ఆస్తమా ఉంది. ఇన్‌ఫ్లుయెంజా ఏ వచ్చి న్యుమోనియాలోకి దిగింది, ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉంది. చేర్చిన రోజు తెల్లకణాలు 4,600. అందులో న్యూట్రోఫిల్స్ 80 శాతం, లింఫోసైట్లు 14. ఇవాళ మొత్తం 11,800, న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్లు 7. ఇయోసినోఫిల్స్ రెండుసార్లూ సున్నా. వైరస్‌తో పోరాడే కణాలే సగానికి పడిపోతే పరిస్థితి దిగజారుతున్నట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

గాజుపలక:
అమ్మగారు త్వరగా కోలుకోవాలండీ. నేను ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూస్తాను. వైద్యం సంగతి డాక్టర్ గారినే అడగండి, రిపోర్టు చదవడం వరకు నేను చెప్తాను.

ముందు శాతాలు పక్కన పెట్టండి. 4,600లో 14 శాతం అంటే 644. 11,800లో 7 శాతం అంటే 826. లింఫోసైట్లు తగ్గలేదు, కాస్త పెరిగాయి! న్యూట్రోఫిల్స్ 3,680 నుంచి 10,384కి ఎగబాకాయి కాబట్టి వీటి వాటా చిన్నదైంది. అయితే పెద్దవాళ్లలో వెయ్యి లోపు ఉంటే తక్కువ కిందే లెక్క.

ఆస్తమా అన్నారు, మధ్యలో స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా? రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ని అది ప్రవాహంలోకి వదిలిస్తుంది, కొన్ని గంటల్లోనే కౌంటు పెరుగుతుంది.

మొదటి రోజు కౌంటు మాత్రం వైరస్ పనే అయ్యుండాలి. తీవ్రమైన ఫ్లూలో, కోవిడ్‌లో టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) కొన్ని రక్తం వదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, కొన్ని చనిపోతాయి. ఎముక మజ్జ ఇంకా ఎదగని న్యూట్రోఫిల్స్‌ని కూడా బయటికి పంపేస్తుంది. 2021 సెకండ్ వేవ్‌లో ఇలాంటి స్లైడ్లు రోజూ చూశాం. లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేస్తే న్యూట్రోఫిల్స్ నిండా ముదురు ఊదా రేణువులు, మోనోసైట్లలో (ఇవీ ఒక రకం తెల్లకణాలే) బుడగల్లాంటి ఖాళీలు. అక్కడక్కడా పెద్ద లింఫోసైట్ ఒకటి, అంచు నీలంగా, పక్కనున్న ఎర్రకణాన్ని ఒరుసుకుంటూ. అది కనిపిస్తే నాకు ప్రాణం కుదుటపడేది, ఒంట్లో పోరాటం నడుస్తోందని.

మోనోసైట్ల అంకె చూసి వాటి స్థితి చెప్పలేం. వైరస్ ముక్కల్ని టీ కణాలకు చూపించే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ప్రోటీన్ జబ్బు ముదిరినవాళ్లలో వాటి మీద తగ్గుతుంది. మామూలు సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క పరీక్షలో, అది తెలియదు.

రాత్రిడ్యూటీ:
ఐసీయూ నర్సుని. పై మాటకి ఒకటి కలపాలి. ఫ్లూ వెనకాలే బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చినా న్యూట్రోఫిల్స్ ఇలాగే పెరుగుతాయి. అన్నీ స్టెరాయిడ్ మీదకి తోసేయకండి. కళ్లె కల్చర్ (కళ్లెలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష), ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ని అంచనా వేసే రక్తపరీక్ష) పంపారేమో అడగండి. జ్వరం మళ్లీ తిరగబెడితే వెంటనే చెప్పండి.

కృష్ణాతీరం:
సిస్టర్‌ని అడిగానండీ. మొదటి శాంపిల్ తీసుకున్నాక ఆ రాత్రే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారట. కల్చర్ రిపోర్టు రేపు వస్తుంది. పొద్దున ఆక్సిజన్ 6 లీటర్ల నుంచి 4కి తగ్గించారు.

గాజుపలక:
ఈ కౌంట్లన్నిటికంటే ఆ 4 లీటర్ల మాట నాకు ఎక్కువ సంతోషంగా ఉంది. రేపటి రిపోర్టులో శాతాలతో పాటు ఏబ్సల్యూట్ కౌంట్లు (అసలు సంఖ్యలు), బాండ్ కణాలు (పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) కూడా రాయమని ల్యాబ్‌లో అడగండి. కల్చర్ రాగానే ఇక్కడ పెట్టండి, చూస్తాను.