అప్‌డేట్: అమ్మ ఒళ్ళునొప్పుల సంగతి, మొత్తానికి తేలింది

అమ్మకి ఏడాదిగా ఒళ్ళంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మలు, మరి ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పులు, అలుపు ఉండే జబ్బు) అని దేన్ని బట్టి చెప్తారని మొన్న ఇక్కడ అడిగాను కదా. పర్లాకిమిడి నుంచి వైజాగ్ తీసుకెళ్ళి రుమటాలజిస్ట్‌కి (కీళ్ళ, వాతం జబ్బుల డాక్టర్) చూపించాం, అదేనన్నారు.

దీనికంటూ రక్తపరీక్ష లేదట, స్కానింగూ లేదు. థైరాయిడ్ పరీక్ష, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు రాసింది వేరే జబ్బేమైనా ఉందేమో చూడ్డానికే. అసలు పనంతా ఒక కాగితం మీదే అయిపోయింది. ఒంట్లో 19 చోట్లు రాసుంటాయి, పోయిన వారంలో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో టిక్కు పెట్టాలి. అమ్మ దవడ దగ్గర వేలు ఆపి "ఇది కూడా చెప్పొచ్చా బాబూ" అంది, నేనేమో పన్ను నొప్పి అనుకుని మూడు నెలలు లవంగం పెట్టించాను! మొత్తం 19లో 12 చోట్ల టిక్కు పడింది. తర్వాత నీరసం, పడుకుని లేచినా తీరని అలుపు, మతిమరుపు, తలనొప్పి లాంటివాటికి 12కి 8. ఈ జబ్బని చెప్పాలంటే మొదటి లెక్క (నొప్పి చోట్లు) 7, రెండోది 5 కన్నా తగ్గకూడదు, లేదా మొదటిది 4 నుంచి 6 ఉంటే రెండోది 9 అయినా ఉండాలి, పైగా నొప్పి ఒంట్లో ఒకవైపే కాకుండా అంతటా ఉండి మూడు నెలలు దాటాలి.

ఒంటి మీద 18 పాయింట్లు నొక్కి చూసి ఈ జబ్బని చెప్తారని మొన్న నా ప్రశ్నకి ఒకరు జవాబు చెప్పారు కదా, అది 1990 నాటి పద్ధతి, 2010లోనే తీసేశారు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి కూడా ఫైబ్రోమయాల్జియా ఉండొచ్చట.

మా ఊళ్ళో ముందు చూసిన డాక్టరు "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేశాడు. ఇప్పుడు అమ్మ ఆ కాగితం జిరాక్స్ తీయించమంటోంది, మా అత్తకి చూపించాలట.