అప్‌డేట్: అమ్మమ్మ ముక్కుపుడక తిరిగి వచ్చింది

నా పాత పోస్టులోని గోడు మరిచిపోయినవారి కోసం: అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటోను జింప్‌లో (ఫోటోలు సవరించే సాఫ్ట్‌వేర్) బాగుచేయబోయి, మడత గీతతో పాటు అమ్మమ్మ ముక్కుపుడకను కూడా చెరిపేశాను. పైగా ఆ స్కాన్ మీదే జేపెగ్‌గా రాసేసి మూసేశాను.

ఆ పోస్టు కింద మీరు చెప్పినట్టే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) మళ్లీ స్కాన్ తీయించాను. ఈసారి అసలు లేయర్‌ను, అంటే స్కాన్ ఉన్న అడుగు పొరను, ముట్టుకోలేదు. దాని పైన పెట్టిన నకలు మీదే హీల్ టూల్‌తో (చుట్టుపక్కల చర్మంతో కలిసిపోయేలా మచ్చలు మాన్పే పరికరం) గీత తుడిచి, ఆ నకలుకు తెల్లటి లేయర్ మాస్క్ (తెలుపు ఉన్నచోట పై పొరను చూపించి, నలుపు ఉన్నచోట దాచే ముసుగు) తగిలించాను. ముక్కు దగ్గర మాస్క్ మీద నల్ల రంగు పూయగానే కింది లేయర్‌లోని ముక్కుపుడక మెరుస్తూ బయటపడింది! చేయి జారి గీత కూడా తొంగిచూస్తే, ఎక్స్ కీ నొక్కి నలుపు, తెలుపు రంగులను తారుమారు చేసి, తెలుపుతో మళ్లీ కప్పేశాను. ఇంత తేలికైన సంగతికి రెండు ఆదివారాలు తగలేశానా అని నవ్వొచ్చింది.

మొదటిసారి బ్రష్ పెద్దదిగా పెట్టుకుని ఒక్క ఊపులో రుద్దడమే నా అసలు తప్పు. గీత కన్నా కాస్త వెడల్పుగా మాత్రమే ఉంచి, పొట్టి పొట్టి గీతలుగా పోతే చర్మం మైనపు బొమ్మలా మారడం లేదు.

ఇప్పుడు పని ఫైలు ఎక్స్‌సీఎఫ్‌లో (లేయర్లను విడివిడిగా దాచే జింప్ సొంత ఫైలు రకం) భద్రంగా ఉంది, జేపెగ్ బంధువులకు పంపడానికే. తాతయ్య తలపాగా అంచు మాత్రం ఇంకా కుదరలేదు. అక్కడ క్లోన్ టూల్ (ఒకచోటి భాగాన్ని ఉన్నదున్నట్టు మరోచోట అద్దేది) వాడమంటారా?