పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (పరుగు, జంప్ పరీక్షలకి) మైండ్‌సెట్ ట్రైనింగ్ పనికొస్తుందా, లేక కాళ్లుంటే చాలా?

లాస్ట్‌రౌండ్_నల్గొండ:
మా కోచింగ్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక ఆడియో వస్తోంది. కళ్లు మూసుకుని, 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోపు పూర్తి చేసి గీత దాటినట్టు ఊహించుకోమంటారు. స్పోర్ట్స్ సైకాలజీ అట. దీనికి వేరే ఫీజు. నాకు ప్రాక్టీసులో 7.05, 7.10 వస్తోంది. మాక్ ఈవెంట్స్ పెట్టిన రోజు మాత్రం 7.30 దాటిపోతోంది. ఇది మైండ్ సమస్యా, స్టామినా సమస్యా? కానిస్టేబుల్ ఈవెంట్స్ పాసైనవాళ్లు చెప్పండి.

పాతపీఈటీ:
బాబూ, అదే ట్రాకు, అవే కాళ్లు. ఆ ఒక్కరోజే ఎక్కువ పడుతోందంటే స్టామినా కాదు. మొదటి రౌండు ఎంతలో కొడుతున్నావో ఎప్పుడైనా చూసుకున్నావా? 400 మీటర్ల ట్రాకు మీద 7.15 అంటే రౌండుకి 1.48 చాలు. మాక్ రోజు విజిల్ పడగానే పక్కవాళ్లు దూసుకుపోతారు, వాళ్లని చూసి నువ్వూ 1.25కే కొట్టేస్తావు. మూడో రౌండుకి డొక్క పట్టేస్తుంది, అక్కడితో సరి.
ఊహించుకోవడం పనికొస్తుంది, కానీ మీ ఆడియోలో చెప్పినట్టు కాదు. గీత దాటి చేతులెత్తడం ఊహించుకుంటే ఒరిగేదేమీ లేదు. అందరూ నిన్ను దాటిపోతున్నా నీ 1.45 నువ్వు కొట్టడం ఊహించుకో. మూడో రౌండులో నోరెండిపోయి కాళ్లు బరువెక్కినప్పుడు లోపల ఏమనుకోవాలో ఇప్పుడే ఎంచుకో. "భుజాలు వదులు" లాంటి చిన్న మాట చాలు. రోజూ ప్రాక్టీసులో అక్కడికి రాగానే అదే అనుకో.

ఖమ్మం_కిక్:
షూ ఏది బాగుంటుంది అన్నా? 2 వేల లోపు.

నిజం_చేదు:
సార్, మీరు చెప్పిన 1.48 లెక్క సైకాలజీ కాదు, కూడికలు తీసివేతలు. చేతికి వాచీ కట్టుకుంటే అయిపోయేదానికి మనసు, ఊహ అని పేర్లెందుకు? పొద్దున్నా సాయంత్రం పరిగెత్తినవాడు పాసవుతాడు. ఆడియో విన్నవాడు ఆడియో వింటాడు.

గోదారిగాలి:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 4 నిమిషాల్లో మైలు పరిగెత్తడం మనిషి వల్ల కాదన్నారు. 1954 మే 6న బానిస్టర్ అనే రన్నర్ 3.59.4లో పరిగెత్తాడు. నెలన్నరకే లాండీ అనే ఇంకో రన్నర్ ఆ రికార్డు కొట్టేశాడు. కాళ్లు మారాయా? నమ్మకం మారింది.

నిజం_చేదు:
ఈ కథ మా కోచింగ్ సార్ కూడా చెప్పేవాడు. సగమే చెప్పేవాడు. బానిస్టర్ ముందు బ్రాషర్, ఛాటవే ఇద్దరూ వంతులవారీగా పరిగెత్తి పేస్ ఇచ్చారు. లాండీ అంతకుముందే 4.02 ఎన్నోసార్లు కొట్టాడు. రెండు సెకన్ల దూరంలో ఉన్నవాడు రికార్డు కొడితే అది నమ్మకమా, ప్రాక్టీసా?

గోదారిగాలి:
ఆ రెండు సెకన్లే మనసు అండి.

నిజం_చేదు:
ఆ రెండు సెకన్లు పేసర్లు.

సిరిసిల్ల_సీమ:
బానిస్టర్ ఏ బ్యాచ్? పోస్టింగ్ ఎక్కడ పడింది?

పాతపీఈటీ:
బానిస్టర్‌ని వదిలేయండయ్యా. 2014లో ఒక ప్రయోగం చేశారు. 24 మందిని ఇక మా వల్ల కాదు అనేదాకా సైకిల్ తొక్కించారు. తర్వాత సగం మందికి, అలుపొచ్చినప్పుడు తమకి తాము ఏం చెప్పుకోవాలో రెండు వారాలు నేర్పారు. ఆ సగం మంది మునుపటికంటే 18 శాతం ఎక్కువసేపు తొక్కారు. మిగతా సగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. దీన్నేమంటావు?

నిజం_చేదు:
24 మంది, అదీ గదిలో సైకిల్ మీద. డిసెంబర్ చలిలో రాత్రి బస్సెక్కి వచ్చి, సర్టిఫికెట్ల లైన్లో నిలబడి, ఎత్తు కొలిపించుకుని, ఆ తర్వాత ట్రాకెక్కేవాడి సంగతి ఆ గదిలో ఎవరు చూశారు?

మల్లెలమెట్టు:
నేను పాసయ్యాను కాబట్టి చెప్తున్నా. ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. అది ఎలాగో అయింది. లాంగ్ జంప్ దగ్గర ప్రాణం పోయింది. 2.50 మీటర్లు మా ఊరి ఇసుకలో రోజూ దూకిందే. ఆ రోజు మాత్రం మొదటి రెండూ ఫౌల్. ఉన్నవే మూడు ఛాన్సులు. మేడమ్ ఎర్రజెండా ఎత్తగానే చేతులు వణికాయి. అప్పుడు మా పీఈటీ మేడమ్ నేర్పినట్టు, కాలు పెట్టి ఎగిరే బోర్డు దగ్గర నుంచి వెనక్కి అడుగులు మళ్లీ లెక్కపెట్టుకున్నా. ఒక అడుగు అదనంగా వెనక్కి జరిగా. గాలి పూర్తిగా బయటికి వదిలి, బోర్డు వైపు కాకుండా పిట్ అవతల ఉన్న కుర్చీ మీద చూపు పెట్టి పరిగెత్తా. బోర్డుకి జానెడు ముందే ఎగిరినా సరిపోయింది. దాన్ని సైకాలజీ అంటారో ఏమంటారో మీ ఇష్టం. అది లేకపోతే మాత్రం ఇంటికెళ్లిపోయేదాన్ని.

నిజం_చేదు:
అక్కా, అడుగులు లెక్కపెట్టడం టెక్నిక్.

మల్లెలమెట్టు:
చేతులు వణుకుతుంటే లెక్కపెట్టి చూడు తమ్ముడూ.

గోదారిగాలి:
మా ఆంధ్రా సంగతి వినండి. 2023 జనవరిలో కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాశాం. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబర్ 30న. తేదీ తెలియకుండా దాదాపు రెండేళ్లు తెల్లవారుజామునే లేచి పరిగెత్తాలి. మా బ్యాచ్‌లో చాలామంది మధ్యలోనే మానేశారు. చివరిదాకా నిలబడింది మనసు గట్టిగా ఉన్నవాళ్లే.

సిరిసిల్ల_సీమ:
మీకు 1600 మీటర్లకి 8 నిమిషాలు కదన్నా. రౌండుకి 2 నిమిషాలు. కబుర్లు చెప్పుకుంటూ వచ్చినా అవుతుంది, సైకాలజీ ఎందుకు?

గోదారిగాలి:
అదొక్కటే కాదండి, 100 మీటర్లు 15 సెకన్లలో కొట్టాలి, లేదా 3.80 మీటర్లు దూకాలి. తెలియకుండా మాట్లాడొద్దు.

నిజం_చేదు:
8 నిమిషాల గొడవ తర్వాత. "మనసు గట్టిగా ఉన్నవాళ్లే" అన్నారు చూశారా, అక్కడే నాకు మండుతుంది. మానేసినవాళ్లకి మనసు లేక మానేశారా? రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టి పాలు, గుడ్లు పెట్టే అమ్మానాన్నలున్నవాళ్లు మిగిలారు. మిగతావాళ్లు డెలివరీ బండెక్కారు. మీరు చూసి మెచ్చుకుంటున్నది వాళ్ల నాన్న జీతాన్ని.

గోదారిగాలి:
మా నాన్న కౌలు రైతు. నోరు జాగ్రత్త. పేదరికం అడ్డం పెట్టుకుని బద్ధకాన్ని వెనకేసుకురాకండి.

నిజం_చేదు:
బద్ధకమా? సరే వినండి. 2018లో తెలంగాణలో మగవాళ్లకి 800 మీటర్లే, 170 సెకన్లలో కొట్టాలి. నేను 176కి వచ్చాను. మా కోచింగ్ సార్ అందరి ముందూ "వీడికి విల్ పవర్ లేదు, చూడండి, మనసు చచ్చినవాడు ఇలా ఉంటాడు" అన్నాడు. ఏడాదంతా అదే మాట నాలో తిరిగింది. తర్వాత జ్వరమొచ్చి రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. డాక్టర్ అడిగాడు, ఇంత రక్తంతో ఎలా పరిగెత్తావయ్యా అని. నాకు విల్ పవర్ లేదా సార్?
2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తించారు. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. శరీరం మాట వినకు, మనసు మాట విను అని మీ ఆడియోల్లో చెప్తారే, అది విన్నవాడు ఎక్కడ ఆగుతాడు?

ఖమ్మం_కిక్:
😢

పాతపీఈటీ:
ఆ సార్ చేసింది తప్పు. పిల్లాడికి రక్తం ఎంతుందో చూడకుండా మనసు గురించి మాట్లాడేవాడు గ్రౌండులో ఉండకూడదు. అయినా నా మాట మార్చుకోను. నేర్పితే వచ్చే పని ఇది, షాట్ పుట్ పట్టుకోవడం నేర్పినట్టే. ఫెయిలైనవాడి మొహం మీద కొట్టడానికి వాడితే అది తిట్టు, సైకాలజీ కాదు.

నిజం_చేదు:
మీ గ్రౌండులో అలాగే ఉంటుందేమో సార్. బయట అమ్ముతున్నది ఆ తిట్టునే. పాసైతే మా ఆడియో వల్ల, ఫెయిలైతే నీ మనసు వల్ల. ఏ కోచింగ్ వాడైనా ఫెయిలైనవాడికి ఆ ఫీజు వెనక్కిచ్చాడా?

లాస్ట్‌రౌండ్_నల్గొండ:
అన్నా, ఆ రక్తపరీక్ష ఎక్కడ చేయించుకోవాలి? ఖర్చెంత అవుతుంది?

మల్లెలమెట్టు:
మీ మండలంలో పీహెచ్‌సీ ఉంటుంది, డబ్బులు తీసుకోరు. సోమవారం పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం దాటితే ల్యాబ్‌లో ఎవరూ దొరకరు.

గోదారిగాలి:
పరీక్ష చేయించుకోవడం మంచిదే. కానీ హిమోగ్లోబిన్ 14 ఉండి కూడా మూడో రౌండులో కూర్చుండిపోయినవాళ్లని నేను చూశాను, వాళ్ల సంగతేంటి?

నిజం_చేదు:
వాళ్లు పొద్దున ఏం తిన్నారో అడిగారా?