ఫైబర్ బోటు అడుగున జెల్‌కోట్ పోయి మ్యాట్ బయటపడింది, ఒడ్డునే బాగుచేసుకోవడం ఎలా?

ఉప్పాడ ఒడ్డు:
28 అడుగుల ఫైబర్ బోటు. రోజూ ఇసుక మీద ఈడ్చడంతో కీల్ (బోటు అడుగున నడిమి వెన్ను) దగ్గర సుమారు 60 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పున జెల్‌కోట్ (పైన ఉండే నున్నటి రంగు పొర) పూర్తిగా అరిగిపోయింది. లోపలి మ్యాట్‌లోని గాజు పోగులు చేతికి గుచ్చుకుంటున్నాయి. లోతు 3 మి.మీ. దాకా ఉంటుంది. ముందు భాగంలో లంగరు తగిలినచోట సాలెగూడులా నెర్రెలు కూడా ఉన్నాయి. పోయినేడు ఆ రెండుచోట్లా కారు లప్పం పెట్టారు, అది పెచ్చులుగా ఊడిపోయింది. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది కాబట్టి ఈలోపే పని ముగియాలి. దుకాణంలో పాలియెస్టర్ రెజిన్, కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసేది), క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచేది), తెల్ల జెల్‌కోట్ విడివిడిగా ఇస్తున్నారు. దేనికి ఎంత కలపాలి? దానికి బదులు ఎపాక్సీ రెజిన్ పెడితే మేలా? పోయినసారి పైన వేసిన కోటు వారమైనా జిగురుగానే ఉండిపోయింది, కారణమేంటండి?

కాకినాడ లామినేటర్:
ముందుగా ఒక హెచ్చరిక అండి. కోబాల్ట్‌నీ క్యాటలిస్ట్‌నీ ఎప్పుడూ నేరుగా కలపకండి. ఆ రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలనూవచ్చు. కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపేశాక, వేరే పుల్లతో క్యాటలిస్ట్ కలపాలి. అసలు మీ రెజిన్‌లో కోబాల్ట్ ముందే కలిసి ఉందేమో దుకాణంలో అడగండి. ఉంటే మళ్లీ వేయొద్దు. లేకపోతే ఎంత వేయాలో కూడా వాళ్లనే అడగాలి, ఎందుకంటే కోబాల్ట్ గాఢత సీసాను బట్టి మారుతుంది. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. పడితే వెంటనే 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

లప్పం ఊడడానికి కారణం ఆ లప్పమే. అందులో ఉండే టాల్క్ పొడి నీళ్లు పీల్చుకుంటుంది. నీటిలో మునిగే చోట అది నిలవదు. పాత లప్పం ఒక్క గింజ కూడా మిగలకుండా గీకేయండి.

తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టండి. ఇసుక కాగితం పట్టే ముందే అసిటోన్ గుడ్డతో తుడిచి జిడ్డు, మైనం తీసేయాలి. ముందు ఇసుక కాగితం పట్టి తర్వాత తుడిస్తే, ఆ జిడ్డంతా గీతల్లోకి చేరిపోతుంది. ఆరిందో లేదో చూడడానికి పలచటి ప్లాస్టిక్ షీటు 30 సెం.మీ. చదరం కత్తిరించి, నాలుగు పక్కలా టేపు వేసి, ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచండి. లోపలి వైపు ఆవిరి బిందువులు కనిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం. తడి మీద వేసిన పాలియెస్టర్ పట్టుకోదు.

అరిగినచోట గ్రైండర్‌కు 40 లేదా 60 నంబరు డిస్క్ పెట్టి, చుట్టూ ఏటవాలుగా అరగదీయండి. 1 మి.మీ. లోతుకు 12 మి.మీ. వెడల్పు లెక్క. 3 మి.మీ. లోతంటే అన్ని వైపులా దాదాపు 4 సెం.మీ. వాలు వస్తుంది. నిటారుగా కోసి నింపితే అంచు వెంటే మళ్లీ బీట తీస్తుంది.

చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక్క పొర సుమారు 1 మి.మీ. కాబట్టి మీకు మూడు పొరలు పడతాయి. పెద్ద ముక్కను ముందు వేయండి, పాత ఫైబర్‌ను పట్టుకునేది అదే. రెజిన్ మ్యాట్ బరువుకు రెండున్నర రెట్ల లోపే ఉండాలి. మీ ప్యాచ్‌కు అర కిలో సరిపోతుంది. 100 గ్రాముల రెజిన్‌కు 1.3 నుంచి 1.5 మి.లీ. క్యాటలిస్ట్ సిరంజితో కొలిచి పోయండి. అరచేతి అంచనా వద్దు. ప్రతి పొర మీద రోలర్‌తో ఒత్తి గాలి బుడగలు తీయండి. మ్యాట్ తెల్లదనం పోయి, పారదర్శకంగా మారితే రెజిన్ పూర్తిగా ఎక్కినట్టు.

వైజాగ్ తీరం:
జిగురు సంగతి చెబుతాను. పాలియెస్టర్ గాలి తగులుతున్నంతసేపు పైపొర గట్టిపడదు. అచ్చులో వేసినప్పుడు జెల్‌కోట్ అచ్చుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది రాదు. ఒడ్డున చేత్తో వేసినప్పుడు గాలి తగులుతుంది. దుకాణాల్లో స్టైరిన్‌లో (రెజిన్‌ను పలచన చేసే ద్రవం) కరిగించిన మైనం దొరుకుతుంది. ఆఖరి కోటులో మాత్రమే, దాని సీసా మీద రాసినంత కలపండి. ఆ మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది. ముందు కోటులోనే కలిపితే, మీద వేసే కోటు మైనం మీద జారి పెచ్చులుగా ఊడుతుంది. మైనం దొరక్కపోతే మీద ప్లాస్టిక్ షీటు పరిచి, గాలి లేకుండా చేత్తో తోయండి, గట్టిపడ్డాక లాగేయండి.

వారమంటే మాత్రం క్యాటలిస్ట్ తక్కువైందనే అనుకోవాలి. ఎండ ఎక్కువని చాలామంది అర శాతానికి తగ్గిస్తారు. 1 శాతం కంటే తగ్గితే లోపల సగం పచ్చిగానే ఉండిపోతుంది, తర్వాత ఎంత ఎండపెట్టినా కోలుకోదు. సమయం కావాలంటే క్యాటలిస్ట్ తగ్గించకుండా ఉదయం ఆరింటికే మొదలుపెట్టండి, బోటుకు నీడ వేయండి, ఒక్కసారికి 150 గ్రాములకు మించి కలపకండి. మిగిలిన రెజిన్ డబ్బాలో వదిలేస్తే వేడెక్కి పొగలొస్తుంది. ఇసుక మీద పలచగా పరిచేయండి.

జెల్‌కోట్ మందం అర మి.మీ.కు అటూ ఇటూ ఉండాలి. చదరపు మీటరుకు దాదాపు 600 గ్రాములు. మీ ప్యాచ్‌కు 200 గ్రాములు చాలు. మరీ పలచగా ఒక కోటు వేసి, అది అరకొరగా గట్టిపడకముందే రెండోది వేస్తే, దాని స్టైరిన్ కింది పొరను నానబెట్టి మొసలి చర్మంలా ముడతలు పడేలా చేస్తుంది. వేలికి అంటుకోకుండా, జిగురు మాత్రమే తగిలే దశలో రెండో కోటు వేయాలి.

నిజాంపట్నం రేవు:
ముందు భాగం నెర్రెల గురించి ఎవరూ చెప్పలేదు. వాటి మీద నేరుగా జెల్‌కోట్ పూయడం దండగ. నీళ్లకు పోయే మార్కర్ సిరా రాసి తడిగుడ్డతో తుడవండి, నెర్రెలో మాత్రం సిరా నిలుస్తుంది. ఎంతవరకు పాకిందో అప్పుడు తెలుస్తుంది. గీకే పనిముట్టు మూలతో వాటిని "వి" ఆకారంలో, పైన 4 మి.మీ. వెడల్పు దాకా తెరవండి. సిరా గీత అడుగున కనిపించకుండా పోయేవరకు ఆపొద్దు.

ఇంకోటి. బోటు లోపలికెళ్లి అదే చోట చూడండి, బిళ్లతో తట్టండి. గట్టిగా టక్‌మంటే పైపొర దెబ్బే. మెత్తగా డబ్బుమంటే పొరలు విడిపోయాయి. ఫైబర్ పాలిపోయినా అదే సంకేతం. అలాంటప్పుడు లోపలి నుంచి రెండు పొరల మ్యాట్ వేసి, ఆ తర్వాతే బయట పని చేయాలి. లేకపోతే అదే చోట మళ్లీ అదే నమూనాలో నెర్రెలు వస్తాయి.

నింపడానికి జెల్‌కోట్‌లో ఏరోసిల్ (చిక్కబరిచే మెత్తటి సిలికా పొడి) కలిపి వెన్నలా చేయండి. పాలియెస్టర్ ఆరేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి అర మి.మీ. పైకి ఉండేలా నింపాలి. పాత తెలుపు పసుపెక్కి ఉంటే, ముందు రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ చేసి, ఆ తర్వాత రంగు పోల్చుకోండి. రంగు పేస్టు జెల్‌కోట్ బరువులో 10 శాతం దాటితే సరిగ్గా గట్టిపడదు.

ఆరాక 180 నుంచి మొదలుపెట్టి 320, 600, 1000 నంబరు వాటర్ పేపర్‌తో చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే గుంటలు పడతాయి. నంబర్లు దాటేస్తే ముందు గీతలు కింద మిగిలిపోయి, మెరుపు వచ్చాక కనబడతాయి. కీల్‌కు మాత్రం ఈ మెరుపు అవసరం లేదు, 320 చాలు.

ఉప్పాడ ఒడ్డు:
ధన్యవాదాలు అండి. మరి ఎపాక్సీ? కీల్‌కు ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుందని అంటున్నారు.

కాకినాడ లామినేటర్:
పట్టుకుంటుంది, పాత పాలియెస్టర్ మీద అది పాలియెస్టర్ కంటే బాగా అతుక్కుంటుంది. కానీ మీదకి మామూలు జెల్‌కోట్ పనికిరాదు, ఎపాక్సీ మీద సరిగ్గా గట్టిపడక పెచ్చులూడుతుంది. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కాబట్టి, పైన రెండు భాగాల పాలీయురేథేన్ పెయింట్ వేయాల్సి వస్తుంది. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టే బంధకం స్టైరిన్‌లో కరిగేలా చేసి ఉంటుంది, ఎపాక్సీలో కరగదు, మ్యాట్ వంపు తిరగదు. ఎపాక్సీ వాడితే నేసిన గ్లాస్ బట్టే వేయాలి. మీకు ఇసుక రాపిడి రోజూ ఉంటుంది, మళ్లీ మళ్లీ చేసుకోవాల్సిన చోటు. పాలియెస్టర్, జెల్‌కోట్ ఉంచుకోండి, కీల్ కింద 450 మ్యాట్ ఒక పొర అదనంగా వేయండి. ఆ పొర అరిగితే దాన్నే మార్చుకోవచ్చు, బోటు అసలు ఫైబర్ జోలికి పోనక్కర్లేదు.

వైజాగ్ తీరం:
పని అయ్యాక నీళ్లలోకి దింపే ముందు కనీసం ఏడు రోజులు ఆరనివ్వండి. ఆరుబయట చేసినా ఆర్గానిక్ ఆవిర్లకు పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి, మొహానికి కట్టుకున్న తువ్వాలు స్టైరిన్‌ను ఆపదు. గ్రైండింగ్ చేసేవాళ్లు పొడవు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర టేపు చుట్టుకుంటే దురద ఉండదు.