లోతు మారే కాలువ: అడుగుకి వేరే ప్రొఫైలా, రీజియన్లా?

గెడ్డగట్టు:
భీమిలి దగ్గర లేఔటు రోడ్డొకటి సివిల్ 3డీ (రోడ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్)లో చేస్తున్నాను. పక్కన మట్టి కాలువ. చివరి 200 మీటర్లలో రోడ్డు వాలు 0.1 శాతమే, కాలువ అడుగుకి మాత్రం 0.4 శాతం కావాలి. అంటే మొదట్లో లోతు 0.6 మీటర్లు, గెడ్డ (వాగు) మీది కల్వర్టు దగ్గరకి వచ్చేసరికి 1.2. అసెంబ్లీలో (రోడ్డు, కాలువల క్రాస్ సెక్షన్ నమూనా) చూస్తే లోతుకి ఒక్క అంకే అడుగుతోంది. మా సీనియర్ గారు 20 మీటర్లకో రీజియన్ (ఒకే అసెంబ్లీ నడిచే ముక్క) చేసి, అసెంబ్లీ కాపీల్లో లోతు మార్చుకుంటూ పొమ్మన్నారు. నాకు మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఎల్‌సెక్షన్:
రీజియన్లు వద్దు తమ్ముడూ. అదే అలైన్‌మెంటు (రోడ్డు దారి గీత) మీద కాలువ అడుగుకి ఇంకో ప్రొఫైలు (పొడవునా లెవెల్ చూపే గీత) గీయి. కల్వర్టు ఇన్వర్టు (లోపలి అడుగు లెవెల్) దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. కారిడార్ (రోడ్డు మొత్తం 3డీ మోడల్) టార్గెట్లలో ఎలివేషన్ (లెవెల్) కింద ఆ ప్రొఫైలు ఇవ్వు, లోతు దానంతటదే వస్తుంది. 20 మీటర్ల రీజియన్లలో అడుగు రోడ్డుతో పాటు 0.1 శాతంలోనే నడిచి, ప్రతి అతుకు దగ్గర 6 సెంటీమీటర్లు దూకుతుంది. దాన్ని కాలువ అనరు, మెట్లంటారు.

పాతకాపు:
6 సెంటీమీటర్లకే ఇంత కంగారా? ప్రొక్లెయిన్ బకెట్టుకి ఆ తేడా తెలుస్తుందేటి? టార్గెట్‌తో వచ్చే తంటా ఎవరూ చెప్పరు. రోడ్డు లెవెల్ 20 సెంటీమీటర్లు పెంచావనుకో, కాలువ ప్రొఫైలు కదలదు, లోతు చడీచప్పుడు లేకుండా పెరిగిపోతుంది. ఒకసారి మా ఆఫీసు నుంచి డ్రాయింగులు అలాగే వెళ్లిపోయాయి. మట్టి క్వాంటిటీ చూసి డీఈ గారు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలీలేదు. రీజియన్లో అయితే నేను పెట్టిన లోతే ఉంటుంది.

ఎల్‌సెక్షన్:
మాస్టారూ, రోడ్డు పెరిగిందని గెడ్డ పెరుగుతుందా? అడుగు కదలకూడదనే కదా ఈ పాట్లన్నీ! మీ పద్ధతిలో రోడ్డుతో పాటు అడుగూ లేచి ఇన్వర్టుకి 20 సెంటీమీటర్ల పైన వేలాడుతుంది. రోడ్డు దించితే మరీ ఘోరం, నీళ్లు కల్వర్టు ముందే నిలిచిపోతాయి. ఫోన్ వచ్చింది ప్రొఫైలు తప్పు వల్ల కాదు, రోడ్డు మార్చాక క్రాస్ సెక్షన్లు ఎవరూ తిరగేయకపోవడం వల్ల.

సైట్‌లోఉన్నా:
బకెట్టుకి తెలీకపోవచ్చు గానీ మట్టికి తెలుస్తుందండీ. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూడలేదా? ఆ లోయలన్నీ నీళ్లు కోసినవే. అలాంటి మట్టిలో మెట్టు వదిలితే కోత అక్కడే మొదలై ఎగువకి తింటూ పోతుంది. ఇక మీ సాఫ్ట్‌వేర్ తగువు మాకెందుకు, మాకు 10 మీటర్లకోసారి ఇన్వర్టు లెవెల్ పట్టిక ఇస్తే చాలు. అన్నట్టు, 1.2 లోతు దగ్గర పై వెడల్పు ఎంతొస్తోందో చూశారా?

గెడ్డగట్టు:
ప్రొఫైలు గీసి టార్గెట్ ఇచ్చాను. అడుగు లెవెల్ సరిగ్గా వచ్చింది గానీ, గట్టు వాలు ఒక్కో సెక్షన్లో ఒక్కోలా ఉంది. చివర్లో నిట్టనిలువుగా లేచింది.

ఎల్‌సెక్షన్:
గట్టుకి లింక్‌విడ్త్‌అండ్‌స్లోప్ అనే లింకు (అసెంబ్లీలో ఒక గీత ముక్క) వాడుంటావు. దానికి ఎలివేషన్ టార్గెట్ ఇస్తే వెడల్పుని పట్టుకుని వాలుని మార్చేస్తుంది. నీకు కావలసింది వాలు పట్టుకుని, అడుగు లెవెల్ తగిలేదాకా పోయే లింకు. ఇంకోటి, కాలువ ప్రొఫైలు విరిగే (వాలు మారే) చైనేజీలు, అంటే రోడ్డు పొడవునా దూరాలు, కారిడార్ తనంతట తీసుకుంటుందని నమ్మకు. అది చూసేది బేస్‌లైన్ (రోడ్డు) ప్రొఫైలుని. ఆ చైనేజీలు చేత్తో కలుపు, లేకపోతే సెక్షన్‌కీ సెక్షన్‌కీ ఉండే 25 మీటర్ల మధ్యలో విరుపు మాయమైపోతుంది.

గెడ్డగట్టు:
లింకు మార్చాను, వాలు నిలబడింది. సైట్ అన్న అడిగిన లెక్క ఇప్పుడు తగిలింది. అడుగు 0.6 మీటర్లు, గట్లు రెండువైపులా ఒకటిన్నరకి ఒకటి (అడ్డంగా ఒకటిన్నర, నిలువుగా ఒకటి). మొదట్లో పై వెడల్పు 2.4, కల్వర్టు దగ్గర 4.2. రోడ్డు అంచు నుంచి ప్రహరీ దాకా మాకున్న జాగా 3.5 మీటర్లే. 120 మీటర్లు దాటాక కాలువ పక్కవాళ్ల స్థలంలోకి పోతోంది. అక్కణ్ణుంచి నిలువు గోడల కాంక్రీటు కాలువే దిక్కు. అడుగు ప్రొఫైలు మాత్రం అదే ఉంచి, 120 దగ్గర అసెంబ్లీ మారుస్తున్నాను.

పాతకాపు:
అంటే రీజియన్ చేసినట్టేగా!

ఎల్‌సెక్షన్:
ఒక్కటి, మాస్టారూ. పది కాదు.