సమస్యాపూరణం: అన్ని చెరుప నాకు నన్ని దొరికె

నిర్వాహకుడు

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*అన్ని చెరుప నాకు నన్ని దొరికె*

విషయం: కంప్యూటర్ హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచేసి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేసుకోవడం. ఐదూ సూర్యగణాలే. యతి మొదటి ‘అ’కూ, ‘నన్ని’లో దాగిన ‘అ’కూ పడుతుంది. ‘నాకున్ + అన్ని’ కాబట్టి చెల్లుతుంది. చెరిపేస్తే దొరకడమేమిటి అన్నదే ముడి. దాన్ని వేదాంతంతో విప్పకండి, డిస్కులో జరిగేదానితోనే విప్పండి.

కలనేత

నకలు తీసి యుంచి నాలుగు చోట్లను
తుడిచి డిస్కునెల్ల తొలుత నుండి
కొత్తగాను మరల కూర్చితి విండోసు;
అన్ని చెరుప నాకు నన్ని దొరికె

నిర్వాహకుడు

కలనేత గారూ, ధార బాగుంది. రెండో పాదంలో ‘తు–తొ’ యతి హాయిగా పడింది. ‘నాలుగు చోట్లను’ మాత్రం యతి కోసమే వచ్చినట్టుంది. బ్యాకప్‌కు అందరూ చెప్పే లెక్క మూడు-రెండు-ఒకటి: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే చోట.

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. మీ పద్యంలో మనిషి నకలు తీశాడు కానీ తెరిచి చూడలేదు. నాకు తెలిసిన ఒకాయన డెస్క్‌టాప్ మీదున్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగి, ఫార్మాట్ కొట్టి, విండోస్ వేసుకున్నాడు. తర్వాత చూస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి షార్ట్‌కట్లు, ఒక్కోటి 1 కేబీ, 2 కేబీ. అసలు ఫైళ్లు తుడిచేసిన డిస్కులోనే ఉండిపోయాయి. ఒక్క ఫొటో తెరిచి చూసినా ఆగిపోయేవాడు. అందుకని మొదటి పాదం ఇలా మారిస్తే ఎలా ఉంటుంది?

*నకలు తీసి తెరచి నమ్మకముగ జూచి*

కలనేత

సవరణ శిరోధార్యం. ‘తెరచి’ అన్న మాట నాకు తట్టనే లేదండి. పద్యం రాసేటప్పుడే కాదు, పోయినసారి ఫార్మాట్ చేసేటప్పుడు కూడా తట్టలేదు. అప్పుడు అదృష్టం బాగుండి నకలు సరిగ్గానే వచ్చింది.

ఏటిగట్టు

పాత డిస్కు నొకటి బాగుగా తుడిచిన
దంచు నమ్మె నొకడు, దాని లోన
వెదుకు పరికరమ్ము వేసి చూచితి, వాడు
అన్ని చెరుప నాకు నన్ని దొరికె

ఇది నిజంగా జరిగింది. ఫార్మాట్ చేసిందే అని చెప్పి అమ్మిన డిస్కు. తెరిస్తే ఖాళీ. పాత ఫైళ్లను వెలికితీసే రికవరీ ప్రోగ్రామ్ ఒకటి నేర్చుకుందామని దానిమీద నడిపాను. పావుగంటకే స్క్రీన్ మీద వరుసగా చిన్న చిన్న బొమ్మలు రావడం మొదలైంది. ఒక పసిపాప బోర్లా పడటం, పాకడం, గోడ పట్టుకుని నిలబడటం. తర్వాత ఎవరివో బ్యాంకు కాగితాల స్కాన్లు. నాకు చేతులు ఆడలేదు. వెంటనే ఆపేసి, డిస్కు మొత్తం సున్నాలతో నింపేశాను. ఆ కుటుంబానికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

నిర్వాహకుడు

ఏటిగట్టు గారూ, సమస్యను తలకిందులు చేశారు. చెరిపినవాడొకడు, దొరికింది మరొకరికి. ఈ విరుపు నాకు కూడా తోచలేదు.

ముందు ఛందస్సు. ‘వాడు / అన్ని’ అన్నచోట విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలవకపోవడం, వచ్చింది. వాక్యం మధ్యలో ఉంది కాబట్టి ‘వాడన్ని’ కావాలి. ‘వేసి చూచితి నేను;’ అంటే వాక్యం అక్కడ ముగుస్తుంది, దోషం పోతుంది. ‘ఒకడు’ పైపాదంలో ఉన్నాడు కాబట్టి చెరిపింది ఎవరో తెలుస్తూనే ఉంటుంది.

ఇక విషయం. క్విక్ ఫార్మాట్ చెరిపేది పుస్తకాన్ని కాదు, విషయసూచికను. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కొత్తదవుతుంది, పేజీలు అలాగే ఉంటాయి. విండోస్‌లో విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాస్తుంది, అందుకే గంటలు పడుతుంది. ఆ గంటలు ఓపిక పట్టలేకే జనం ‘క్విక్’ మీద టిక్కు ఉంచేస్తారు. మీ అనుభవం అరుదైనదేమీ కాదు. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 వాడిన డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే.

చిరుదివ్వె

నాదొక సందేహం. 35 సార్లు తుడవాలంటారు కదా?

నిర్వాహకుడు

అది 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన వ్యాసం నుంచి వచ్చిన మాట. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి చెప్పిన లెక్క అది. ఇప్పటి హార్డ్‌డిస్కుకు మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచుకునే ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులో మనకు కనబడకుండా పక్కన పెట్టుకునే చోటు కొంత ఉంటుంది, పైనుంచి రాసే సున్నాలు అక్కడికి చేరకపోవచ్చు. దానికి డ్రైవ్‌లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. మీ పూరణ ఏదండీ?

చిరుదివ్వె

వేగ మెల్ల పోయి వేసారి యుండగా
చోటు లేక డిస్కు సోలి పోవ
నూడ్చి పెట్టి తెచ్చి యుంచితి లైనక్సు;
అన్ని చెరుప నాకు నన్ని దొరికె

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది. నా మెషీన్‌లో విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 లేదు, అందుకని విండోస్ 11 వేయనివ్వలేదు. పారేయడానికి మనసొప్పక, విండోస్ తీసేసి లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను.

నిర్వాహకుడు

పోయినవి వేగం, చోటు, దొరికినవీ అవే. ‘అన్ని’కి లెక్క సరిపోయింది. ‘చో–సో’ యతి సరైనదే. ‘లినక్సు’ అని ఉంటే జగణమై గణం చెడేది, ‘లైనక్సు’ తగణమై నిలబెట్టింది. సవరణ అక్కర్లేదు.

కలనేత

నిర్వాహకులు కూడా పూరించాలి. సమస్య ఇచ్చి తప్పుకోవడం కుదరదు.

నిర్వాహకుడు

తండ్రి మాటలున్న దానినే తుడిచితి;
దానిపైన నేమి దాచ కాపి
వేరు డిస్కులోకి వెలికి తీసితి నయ్య;
అన్ని చెరుప నాకు నన్ని దొరికె

విండోస్ వేసేటప్పుడు ‘డ్రైవ్ 0’, ‘డ్రైవ్ 1’ అని రెండు వరుసలు కనబడ్డాయి. రెండూ ఒకే సైజు. నేను నొక్కింది నాన్నగారి గొంతు రికార్డులున్న డ్రైవ్. ఆయన పోయాక అవి తప్ప నాకు ఇంకేం మిగల్లేదు. పార్టిషన్ చెరిగిపోయి ఆ వరుస ఖాళీ అయ్యాక తెలిసింది. ఇన్‌స్టాల్ ఇంకా మొదలుకాలేదు. వెంటనే కంప్యూటర్ ఆపి, ఆ డిస్కు ఊడదీసి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, దానిమీద ఒక్క అక్షరం కూడా రాయకుండా రెండు రోజులు వెలికితీశాను. పాతకాలం తిరిగే డిస్కు కాబట్టి దొరికాయి. ఎస్‌ఎస్‌డీ అయితే ఖాళీ అయిన చోటును అదే శుభ్రం చేసేసుకునే ప్రమాదం ఉండేది.

ఏటిగట్టు

‘దాచక + ఆపి’ దగ్గర ఒక్క క్షణం ఆగాను. రికార్డులన్నీ వచ్చాయా?

నిర్వాహకుడు

వచ్చాయండీ. ఫైళ్ల పేర్లు పోయాయి, అన్నిటికీ అంకెలే వచ్చాయి. ఏది ఏ రోజుదో ఒక్కొక్కటే విని మళ్లీ పేర్లు పెట్టుకున్నాను. ఇప్పుడు విండోస్ వేసే ముందు మిగతా డిస్కుల కేబుళ్లన్నీ పీకేస్తాను.